రాసేది యంత్రం, పూచీ ఎవరిది?

గచ్చిబౌలిలోనైనా డల్లాస్‌లోనైనా సాఫ్ట్‌వేర్ టీముల్లో ఇప్పుడు నలుగుతున్న ప్రశ్న ఒకటే. రోజుల పనిని ఏఐ గంటల్లో రాసి పెడుతుంటే రెండు వారాల స్ప్రింట్ ఎందుకు? స్టోరీ పాయింట్లు ఎందుకు? రోజూ స్టాండప్‌లో నిలబడి నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం అని అప్పగించడం ఎందుకు? ఎజైల్ పని అయిపోయిందని తేల్చేసేవాళ్లు కూడా ఉన్నారు. కానీ టీముల్లో జరుగుతున్నది చూసినా, కొలిచి చూసినవాళ్ల లెక్కలు చదివినా కనిపించేది వేరు. కోడ్ రాయడం తేలికైంది. రాసిన కోడ్ సరైనదేనని పూచీ పడటం మాత్రం ఇదివరకటి కంటే కష్టమైంది. ఏఐని బాగా వాడుకుంటున్న టీములు ఎజైల్‌ను వదిలేయలేదు. దాని తంతుల్ని తగ్గించుకుని, అసలు సూత్రాల్ని గట్టిగా పట్టుకున్నాయి.

ఆ సూత్రాలు ఎక్కడివో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2001 ఫిబ్రవరిలో అమెరికా యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే స్కీ రిసార్టులో 17 మంది కలిశారు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్, మార్టిన్ ఫౌలర్, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ వాళ్లలో ఉన్నారు. నాలుగు విలువలు, 12 సూత్రాలతో ఎజైల్ ప్రకటన రాశారు. పద్ధతులు, పనిముట్ల కంటే మనుషులు, వాళ్ల మధ్య మాటామంతీ ముఖ్యమన్నారు. కట్టలకొద్దీ పత్రాల కంటే పని చేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యమన్నారు. అందులో స్ప్రింట్ అన్న మాట లేదు, స్టాండప్ లేదు, స్క్రమ్ మాస్టర్ లేడు. అవి స్క్రమ్ అనే పద్ధతి నుంచి వచ్చాయి. ష్వేబర్, సదర్లాండ్ దాన్ని 1995లోనే ఒక సదస్సులో బయటపెట్టారు. స్టోరీ పాయింట్లు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే మరో పద్ధతి వాళ్ల దగ్గర మొదలయ్యాయి. వాటిని బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అదే నిజమైతే ఇప్పుడు విచారిస్తున్నానని స్నోబర్డ్‌లో సంతకం పెట్టిన రాన్ జెఫ్రీస్ స్వయంగా రాశారు. ఏఐకి ముందే ఈ తంతుల మీద నమ్మకం సడలింది. 2023 జనవరిలో క్యాపిటల్ వన్ బ్యాంకు తన టెక్నాలజీ విభాగంలో 1,100కు పైగా ఎజైల్ ఉద్యోగాల్ని ఒకేసారి ఎత్తేసింది. ఆ పనిని ఇంజినీర్లే, ప్రొడక్ట్ మేనేజర్లే చూసుకుంటారని చెప్పింది. కోడ్ రాసే ఏజెంట్లు అప్పటికి ఇంకా టీముల్లోకి రాలేదు.

ఇక లెక్కల సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి, ఎందుకంటే ఎవరికి కావలసిన అంకె వాళ్లు తీసుకుంటున్నారు.

కోడ్ రాయడంలో సాయపడే ఏఐ పనిముట్టు గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో ప్రయోగంగా, మరుసటి ఏడాది జూన్‌లో అందరికీ వచ్చింది. దాని మీద మొదట పేరొచ్చిన ప్రయోగంలో 95 మంది ప్రోగ్రామర్లకు జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న వెబ్ సర్వర్ రాయమన్నారు. కోపైలట్ ఉన్నవాళ్లు సగటున 1 గంట 11 నిమిషాల్లో, లేనివాళ్లు 2 గంటల 41 నిమిషాల్లో ముగించారు. 55 శాతం వేగం అన్న మాట అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది. అయితే అది కొత్తగా, ఖాళీ పేజీ మీద మొదలుపెట్టిన పని. నిజమైన కంపెనీల్లో చేసిన పరిశీలన తర్వాత వచ్చింది. మైక్రోసాఫ్ట్, యాక్సెంచర్, పేరు చెప్పని మరో పెద్ద కంపెనీలో మొత్తం 4,867 మంది డెవలపర్ల మీద చేసిన ఆ అధ్యయనంలో పూర్తయిన పనులు సుమారు 26 శాతం పెరిగాయి. అనుభవం తక్కువున్నవాళ్లకే ఎక్కువ లాభం కనిపించింది.

2025 జులైలో మీటర్ అనే పరిశోధన సంస్థ వేరే కోణం చూపింది. 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లకు, వాళ్లు ఏళ్లుగా పని చేస్తున్న సొంత ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చారు. కొన్నిటికి ఏఐ వాడొచ్చు, కొన్నిటికి వాడకూడదు. ఏఐ వాడితే సమయం 24 శాతం తగ్గుతుందని పని మొదలు కాకముందు వాళ్లు అంచనా వేశారు. అంతా ముగిశాక కూడా 20 శాతం తగ్గిందనే అనుకున్నారు. గడియారం మాత్రం 19 శాతం ఎక్కువ పట్టిందని చెప్పింది. చేసింది 16 మందితోనే, పైగా ఆ తర్వాత పనిముట్లు చాలా మారాయి, కాబట్టి ఈ అంకెను ఇవాళ్టి ఏజెంట్లకు అంటగట్టడం న్యాయం కాదు. నాకు ముఖ్యంగా తోచేది ఆ 19 కాదు. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య అంత తేడా ఉండటం. పని చేస్తున్నవాడికే తన వేగం తెలియనప్పుడు, పై అంతస్తులో కూర్చున్న మేనేజరుకు ఎలా తెలుస్తుంది?

టీముల స్థాయిలో చూసిన లెక్కలు గూగుల్ ఆధ్వర్యంలో ఏటా వచ్చే డోరా నివేదికలో ఉన్నాయి. ఏఐ వాడకం 25 శాతం పెరిగితే సాఫ్ట్‌వేర్ విడుదల వేగం 1.5 శాతం, విడుదలల స్థిరత్వం 7.2 శాతం తగ్గుతున్నట్టు 2024 నివేదిక అంచనా కట్టింది. మరుసటి ఏడాది నివేదికలో వేగం విషయం మెరుగుపడింది. స్థిరత్వం మాత్రం బాగుపడలేదు. అంటే కోడ్ త్వరగా బయటికి వెళ్తోంది, వెళ్లాక ఎక్కువసార్లు విరుగుతోంది. కారణంగా ఆ పరిశోధకులు ఊహించింది ఎజైల్ నేర్చుకున్న ప్రతివాళ్లూ మొదటి రోజుల్లో విన్నదే: చేసే మార్పుల పరిమాణం పెరగడం. ఏఐ చేతిలో ఉంటే 40 లైన్లు మార్చాల్సిన చోట 400 లైన్లు రాయించడం సులువు. అవి రివ్యూకు వచ్చాక చదవడం మాత్రం మనిషే చదవాలి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2025 సర్వేలో డెవలపర్లు అన్నిటికంటే ఎక్కువగా చెప్పిన చికాకు ఇది. సమాధానాలు దాదాపు సరిగ్గానే ఉంటాయి, పూర్తిగా కాదు అని 66 శాతం మంది అన్నారు.

దాదాపు సరిగ్గా ఉండటం ఎంత ప్రమాదమో దగ్గరగా చూద్దాం. బస్ టికెట్లు అమ్మే యాప్ ఒకటి ఉందనుకోండి. టీము బోర్డు మీద కార్డు ఇలా ఉంది: బస్సు బయలుదేరడానికి 2 గంటల ముందు వరకు టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు వాపసు ఇవ్వాలి. ఏజెంటుకు అప్పగిస్తే కాఫీ తాగి వచ్చేలోగా కోడ్ రాస్తుంది, టెస్టులు కూడా రాస్తుంది. టెస్టులన్నీ పాస్. డేటాబేస్‌లో రాత్రి 11 గంటల బస్సుకు 23:00 అని మాత్రమే ఉంది. అది భారత కాలమానమని టీములో పాతవాళ్లందరికీ తెలుసు, ఎక్కడా రాసి లేదు. సర్వర్ గడియారం యూటీసీలో నడుస్తుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. రాత్రి 10:30కి ప్రయాణికుడు రద్దు బటన్ నొక్కితే సర్వర్ లెక్కలో అప్పుడు సాయంత్రం 5 గంటలే. బస్సుకు ఇంకా ఆరు గంటలుందని డబ్బు తిరిగి ఇచ్చేస్తుంది. బస్సు వెళ్లిపోయాక కూడా, తెల్లవారుజామున 2:30 వరకు ఇస్తూనే ఉంటుంది. టెస్టులు ఎందుకు పట్టుకోలేదంటే, వాటిని రాసింది కూడా అదే ఏజెంటు, అదే ఊహతో.

ఈ తప్పు చేతితో రాసినా జరిగేదే. తేడా ఎక్కడంటే, చేతితో రాసే కుర్రాడు మధ్యలో ఎక్కడో ఆగి పక్క సీటులో ఉన్న అక్కను ‘ఈ టైము మన టైమేనా?’ అని అడిగేవాడు. ఆ ఆగడంలోనే సగం డిజైన్ జరిగేది. ఏజెంటు అలా ఆగేది తక్కువ. తెలియని చోట తనే ఒక ఊహ చేసుకుని ముందుకు పోతుంది. కాబట్టి ఆ ప్రశ్న కోడ్ మొదలు కాకముందే రావాలి. కార్డు రాసేటప్పుడు ప్రొడక్ట్ ఓనర్, డెవలపర్, టెస్టర్ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకునే పాత అలవాటు చాలా టీముల్లో గ్రూమింగ్ మీటింగ్‌లో మొక్కుబడిగా మారిపోయింది. ఇప్పుడు దానికి మళ్లీ విలువ వచ్చింది. టెస్టర్ అడిగే ‘ఏ టైమ్ జోన్? సగం టికెట్లే రద్దు చేస్తే? బస్సు ఆలస్యమైతే?’ అన్న మూడు ప్రశ్నలు కార్డు మీదికి ఎక్కితే ఏజెంటు వాటికీ కోడ్ రాస్తుంది. ఎక్కకపోతే రాయదు.

టెస్టుల విషయంలోనూ ఇదే జరుగుతోంది. టెస్టు ముందు, కోడ్ తర్వాత అన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన కెంట్ బెక్ ఇప్పుడు ఏజెంట్లతోనే ఎక్కువగా పని చేస్తున్నారు. టెస్టులు పాస్ కావడానికి ఏజెంటు ఆ టెస్టులనే తీసేయబోతుందని, దాన్ని ఆపడం కష్టంగా ఉందని ఆయన 2025లో చెప్పారు. అందుకే కొన్ని టీములు ఒక కట్టుబాటు పెట్టుకుంటున్నాయి. ముఖ్యమైన టెస్టులు మనిషి రాయాలి, లేదా కనీసం మనిషి వాక్యాల్లో చెప్పి, చదివి ఒప్పుకోవాలి. ఏజెంటు వాటిని ముట్టుకోకూడదు. నాకు ఇది చాలా సమంజసంగా కనిపిస్తుంది. టెస్టు అంటే టీము ఒప్పుకున్న అర్థం. ఆ అర్థం చెప్పే పనిని కూడా వదిలేస్తే ఇక మన చేతిలో మిగిలేది ఏమీ లేదు.

కార్డు బాగా రాయాలన్న పట్టుదల మరో దారి కూడా పట్టింది. ముందు సవివరమైన స్పెసిఫికేషన్, దాని నుంచి డిజైన్, దాని నుంచి పనుల జాబితా, ఆ తర్వాతే కోడ్ అనే పద్ధతికి 2025లో అమెజాన్ కిరో, గిట్‌హబ్ స్పెక్ కిట్ లాంటి పనిముట్లు వచ్చాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆంద్రేయ్ కార్పతీ వైబ్ కోడింగ్ అని పేరు పెట్టిన ధోరణికి, అంటే కోడ్ చదవకుండానే యంత్రానికి చెప్పుకుంటూ పోవడానికి, ఇది ఒక రకంగా విరుగుడు. మంచిదే. కానీ 60 పేజీల స్పెసిఫికేషన్‌ను ఏఐతోనే రాయించి, ఎవరూ పూర్తిగా చదవకుండా ఆమోదించి, ఏజెంటుకు ఇచ్చేస్తే అది అంతా ముందే రాసుకుని కట్టుకుపోయే పాత వాటర్‌ఫాల్ తప్ప మరొకటి కాదు. కస్టమర్‌కు ఏం కావాలో ముందే అంతా తెలుసన్న భ్రమను వదిలించడానికే ఎజైల్ పుట్టింది. స్పెసిఫికేషన్ ఒక్క ఫీచరుకు, ఒక్క పేజీకి మించకుండా ఉంచే టీములు తెలివైనవి.

జంటగా కూర్చుని రాసే పెయిర్ ప్రోగ్రామింగ్ గురించి రెండు మాటలు. యంత్రమే జంట కాబట్టి ఇక ఇద్దరు మనుషులు ఎందుకు అనే వాదన తరచూ వినిపిస్తుంది. ఒంటరిగా ఏజెంటుతో కూర్చున్నవాడికి కోడ్ దొరుకుతుంది, కానీ ఆ కోడ్ గురించిన జ్ఞానం టీములో రెండో మనిషికి చేరదు. కష్టమైన పనికి ముగ్గురు నలుగురు ఒకే తెర ముందు చేరి, ఒకే ఏజెంటును నడిపిస్తూ, వచ్చినదాన్ని అక్కడికక్కడే ప్రశ్నించే మాబ్ పద్ధతి దీనికి మంచి మందు. రివ్యూ కోసం రెండు రోజులు ఎదురుచూసే బాధ కూడా పోతుంది.

కలిసి పని చేయడం అన్న మాటకే అర్థం మారిన కాలం ఇది. మొహాలు ఎదురెదురుగా ఉండి మాట్లాడుకోవడమే అన్నిటికంటే మేలైన మార్గమని స్నోబర్డ్ వాళ్లు రాశారు. 2020 మార్చి తర్వాత కోవిడ్ వల్ల ప్రపంచమంతా టీమ్స్‌లోకి, జూమ్‌లోకి, స్లాక్‌లోకి మారింది. నిజానికి మన ఊళ్లలోని టీములకు ఆ ఎదురెదురు ఎప్పుడూ పూర్తిగా లేదు. మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌ను హైదరాబాద్‌లో 1998లో పెట్టినప్పటి నుంచి సముద్రాల అవతలి సహోద్యోగులతోనే ఇక్కడి పని. డల్లాస్‌లో పొద్దున 10 గంటల స్టాండప్ అంటే చలికాలంలో హైదరాబాద్‌లో రాత్రి 9:30. ఇంట్లో భోజనాల వేళ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘నో బ్లాకర్స్ ఫ్రమ్ మై సైడ్’ అని చెప్పి మ్యూట్ చేసుకునే ఆ పదిహేను నిమిషాల్లో సమన్వయం జరిగేది తక్కువ, హాజరు పడేది ఎక్కువ. ఏఐ వల్ల నిజంగా మేలు జరిగింది ఇక్కడే అంటాను. ఏ పుల్ రిక్వెస్ట్ ఎక్కడుందో, నిన్న ఏ టికెట్ కదిలిందో యంత్రం పోగు చేసి పొద్దున్నే ఛానెల్‌లో పెట్టేస్తే, ఆ అప్పగింత కోసం రాత్రిపూట కూర్చోనక్కర్లేదు. 2020లో సవరించిన స్క్రమ్ గైడ్ కూడా నిన్న, ఇవాళ, అడ్డంకి అనే మూడు ప్రశ్నల్ని తీసేసింది.

అయితే ఏఐ రాసే మీటింగ్ సారాంశాల మీద పూర్తిగా ఆధారపడటం వేరే సంగతి. అమెరికా క్లయింట్ తేదీ అడుగుతాడు, ఇక్కడి లీడ్ రెండు క్షణాలు ఆగి ‘వీ విల్ ట్రై’ అంటాడు. ఆ ఆగడం విన్నవాళ్లకు అది కుదరదనడమేనని అర్థమవుతుంది. సారాంశంలో మాత్రం ఆ తేదీకి టీము ఒప్పుకుంది అని పడుతుంది. వారం తర్వాత ఆ పత్రమే సాక్ష్యమవుతుంది. సారాంశాన్ని పంపే ముందు మాట ఇచ్చిన మనిషి చదివి సరిదిద్దాలన్న చిన్న నియమం ఉంటే చాలు, ఎన్నో గొడవలు తప్పుతాయి.

రాసిపెట్టే అలవాటు మరో మేలు కూడా చేస్తోంది. ప్రాజెక్టు ఎలా నడుస్తుందో, ఏది చేయకూడదో ఏజెంటుకు చెప్పడానికి టీములు ఇప్పుడు రిపాజిటరీలోనే సూచనల ఫైళ్లు పెట్టుకుంటున్నాయి. పాతవాళ్ల తలల్లో మాత్రమే ఉన్న సంగతులు, మన బస్సు టైము లాంటివి, యంత్రం కోసమైనా కాగితం మీదికి వస్తున్నాయి. కొత్తగా చేరిన మనిషి కోసం రాయనివి యంత్రం కోసం రాస్తున్నారన్నది బాధగానే ఉంటుంది. ఎవరి కోసం రాసినా కొత్త మనిషికి పనికొస్తుంది.

కొలమానాల దగ్గర మాత్రం పెద్దలు దారి తప్పుతున్నారు. గూగుల్‌లో కొత్త కోడ్‌లో పావు వంతుకు పైగా ఏఐ రాస్తోందని, దాన్ని ఇంజినీర్లు చూసి ఆమోదిస్తారని 2024 అక్టోబర్‌లో సుందర్ పిచాయ్ చెప్పారు. మైక్రోసాఫ్ట్‌లో 20 నుంచి 30 శాతం అని 2025 ఏప్రిల్‌లో సత్య నాదెళ్ల చెప్పారు. ఆ అంకెలు కిందికి దిగేసరికి లక్ష్యాలుగా మారిపోతున్నాయి. ఎవరు ఎంత ఏఐ వాడారో డాష్‌బోర్డులో చూసి అప్రైజల్‌లో అడిగే చోట్లు ఉన్నాయి. ఒకప్పుడు స్ప్రింట్‌కు ఎన్ని పాయింట్ల పని అయిందో చెప్పే వెలాసిటీని లక్ష్యంగా పెడితే స్టోరీ పాయింట్లు ఉబ్బాయి. ఇప్పుడు ఏఐ శాతాన్ని లక్ష్యంగా పెడితే అవసరం లేని కోడ్ ఉబ్బుతుంది. కొలవాల్సినవి వేరే ఉన్నాయి. ఒక ఆలోచన కస్టమర్ చేతికి చేరడానికి ఎన్ని రోజులు పట్టింది, విడుదలల్లో ఎన్ని విరిగాయి, విరిగినది బాగుచేయడానికి ఎంత సేపు పట్టింది. ఇవి ఏఐకి ముందూ సరైన కొలతలే, ఇప్పుడూ అంతే.

విరగడం గురించి ఒక ఉదంతం చాలు. 2025 జులైలో అమెరికా టెక్ ఇన్వెస్టర్ జేసన్ లెమ్‌కిన్ రెప్లిట్ అనే కంపెనీ ఏజెంటుతో యాప్ కడుతుండగా, మార్పులు చేయొద్దని చెప్పిన సమయంలోనే అది ప్రొడక్షన్ డేటాబేస్‌ను తుడిచేసింది. రెప్లిట్ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ డేటాబేస్‌లను వేరు చేసే ఏర్పాటు తెచ్చారు. ఆ వేరు చేయడం మన రంగంలో ఎన్నో ఏళ్ల నాటి పాఠం. మనిషికి ఇవ్వని అనుమతిని యంత్రానికీ ఇవ్వకూడదు.

ఇంతవరకు చెప్పినవన్నీ టీములు తమంతట తాము నేర్చుకుంటాయి, కొంత నష్టపోయైనా. నాకు నిజంగా భయం కలిగించేది ఫ్రెషర్ల సంగతి. అమెరికా పేరోల్ లెక్కలతో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025 ఆగస్టులో వెలువరించిన పత్రం ప్రకారం 22 నుంచి 25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నాటి గరిష్ఠం నుంచి దాదాపు 20 శాతం తగ్గాయి. అక్కడ ఎంఎస్ చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న మన పిల్లలకు ఇది కేవలం అంకె కాదు. ఇక్కడా కాలేజీల్లో అదే దిగులు. స్క్రీన్ మీద ఒక మాట మార్చడం, లాగ్ లైను చేర్చడం, చిన్న బగ్ సరిచేయడం, పాత ఫంక్షనుకు యూనిట్ టెస్టు రాయడం లాంటి పనులు మొదటి ఏడాది కుర్రాళ్లకు ఇచ్చేవాళ్లు. కంపెనీకి వాటి విలువ తక్కువ. నేర్చుకునేవాడికి అవే బడి. ఏజెంట్లు మొట్టమొదట తీసుకున్నవి సరిగ్గా ఆ పనులే.

సీనియర్ అంటే ఎవరు? బస్సు కోడ్‌ను చూడగానే టైమ్ జోన్ అనుమానం వచ్చేవాడు. ఆ అనుమానం పుస్తకాల్లో దొరకదు. తాను పెట్టిన బగ్ రాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో పేలితే, పక్కన ఎవరో కూర్చుని ఓపికగా వెతికించినప్పుడు వస్తుంది. ఇవాళ ఫ్రెషర్లను తీసుకోని టీముకు ఏడెనిమిదేళ్ల తర్వాత ఏజెంట్ల కోడ్‌ను రివ్యూ చేసే మనిషి దొరకడు.

ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లకు నేను చెప్పేది ఇది. ఏఐతో రాయించండి, భయం లేదు. కానీ రాసిన ప్రతి లైనూ ఎందుకుందో అడగండి, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఇతరుల కోడ్ చదవండి, టెస్టులు మీరే రాయండి. ఇంటర్వ్యూల్లో అడిగేది కూడా మెల్లగా అటే మారుతోంది. టీములు నడిపేవాళ్లకు ఒక విన్నపం. ఫ్రెషర్‌ను రివ్యూలో సీనియర్ పక్కన కూర్చోబెట్టండి, ఏజెంటు రాసినదానిలో తప్పు వెతికే పని వాళ్లకే ముందు ఇవ్వండి. వచ్చే ఏడాది ఏఐ లైసెన్సులకు బడ్జెట్ రాసేటప్పుడు, అదే షీటులో ఇద్దరు ఫ్రెషర్ల జీతాలకు, వాళ్లకు నేర్పడానికి ఒక సీనియర్ వారానికి వెచ్చించే గంటలకు కూడా ఒక వరుస పెట్టండి.